మేత మానేసిన పెరటి కోడికి ఇంట్లో ఏం చేయాలి: మా అనుభవం

మీ పెట్ట రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని మూలన కునుకుతోందనీ, మేత ముట్టడం లేదనీ, రెట్ట పచ్చగా పడుతోందనీ రాశారు. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రను పొడి చేసి నీళ్లలో కలిపి నోట్లో పోయొచ్చా అని అడిగారు. వద్దండి. ముందు ఆ మాత్ర పక్కన పెట్టండి. మాది పెందుర్తి వైపు. చాలా ఏళ్లుగా పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నాం. ఆ తప్పు ఒకసారి నేనూ చేశాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు దాన్ని మిగతా కోళ్ల నుంచి వేరు చేయండి. జబ్బు అంటుతుందనే కాదు, నీరసంగా ఉన్న కోడిని తోటి కోళ్లు పొడిచి చంపేస్తాయి కూడా. పెద్ద అట్టపెట్టె గానీ గంప గానీ చాలు. అడుగున ఊక వేయకుండా పాత న్యూస్ పేపరు పరవండి. ఎందుకంటే రెట్ట ఎన్నిసార్లు వేసింది, ఏ రంగులో వేసింది అన్నది పేపరు మీదే స్పష్టంగా కనిపిస్తుంది. గాలి ఆడే నీడలో పెట్టండి. మన విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే కోళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాటికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ రొప్పడం కూడా పెద్దగా పని చేయదు. మధ్యాహ్నం పూట మాత్రమే రొప్పుతూ, చల్లబడ్డాక మామూలుగా ఉంటే అది ఎండదెబ్బ కావచ్చు. కాళ్లు చల్లటి నీళ్లలో కాసేపు ఉంచితే తేరుకుంటుంది. తెల్లవారుజామున కూడా నోరు తెరిచి గురగురమంటుంటే మాత్రం అది వేరే జబ్బు.

పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోందని టెన్షన్ పడకండి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, అంటే సుమారు 106 ఫారెన్‌హీట్. మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. అది చూసి మనుషుల జ్వరం మాత్రలు వేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత నీళ్లు. తిండి లేకపోయినా ఒకటి రెండు రోజులు తట్టుకుంటుంది గానీ నీళ్లు లేకపోతే తట్టుకోలేదు. ఓఆర్ఎస్ పొడి ఉంటే ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం కలపండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతోనే. ముక్కు ముంచి తాగితే సరే. తాగకపోతే సూది తీసేసిన సిరంజీతో ముక్కు పక్కన ఒక్కో చుక్క వదలండి, అది మింగాకే ఇంకో చుక్క. నోరు పెగల్చి గొంతులో పోయకూడదు. కోడికి ఊపిరి గొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. గబుక్కున పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక అసలు పరీక్ష. రొమ్ముకు పైన, మెడ కింద కుడివైపున మేత నిలిచే సంచి ఉంటుంది. రాత్రి గంప మూసేటప్పుడు ఒకసారి, పొద్దున మేత వేయకముందు ఒకసారి దాన్ని వేళ్లతో తడమండి. రాత్రి నిండుగా ఉన్నది తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. మా నల్లపెట్టకు ఒక వర్షాకాలంలో ఇదే సమస్య వచ్చింది. పొద్దున ఆరింటికి తడిమితే సంచి నిమ్మకాయంత గట్టిగా ఉంది. పెరట్లో కొబ్బరి డొక్కలు ఒలిచిన చోట పీచు మింగేసింది. పశువుల డాక్టరుగారు చెప్పినట్టే గింజలు పూర్తిగా ఆపేసి, నాలుగు చుక్కల కొబ్బరినూనె తాగించి, రోజుకు నాలుగైదుసార్లు ఆ ముద్దను వేళ్లతో మెల్లగా, చపాతీ పిండి నలిపినట్టు నలిపాను. మూడో రోజుకు మెత్తబడింది. పేపరు మీద రెట్టలో గోధుమరంగు పీచు పోగులు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. తర్వాత రెండు రోజులు పలుచటి చోడి (రాగి) అంబలి, మెత్తగా పిసికిన అన్నం పెట్టాం. సంచి ఖాళీ అవ్వాలని కోడిని తలకిందులుగా వేలాడదీసి కక్కించేవాళ్లున్నారు, అలా చేస్తే అప్పటికప్పుడే ఊపిరాడక చచ్చిపోవచ్చు.

అలాగే రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూడండి. రెండు పక్కలా కండ లేక ఎముక కత్తి అంచులా తగిలితే జబ్బు నిన్నా మొన్నటిది కాదు, నులిపురుగులు గానీ, చాలా రోజుల నుంచి ఉన్న జబ్బు గానీ అయి ఉంటుంది. తోక కింద ఈకలు విప్పి పేలు, పుండ్లు ఉన్నాయేమో కూడా చూడండి.

పచ్చరెట్ట గురించి. రెండు రోజులు మేత తినకపోయినా పైత్యరసం వల్ల రెట్ట పచ్చగానే పడుతుంది, కాబట్టి ఆ ఒక్క గుర్తుతోనే కొక్కెర వ్యాధి అనుకోనక్కర్లేదు. కానీ దానికి తోడు గురక, మెడ మెలితిరగడం, కాళ్లు రెక్కలు చచ్చుబడటం, ఒకదాని వెంట ఒకటి చనిపోవడం ఉంటే అది కొక్కెర కావచ్చు. దాన్నే రాణీఖేత్ అంటారు. మా ఇంట్లో అదే జరిగింది. సంతలో కొన్న పుంజును అదే రోజు మిగతావాటితో కలిపేశాం. వారం తిరిగేసరికి పుంజు మెడ తిరిగింది. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన మాత్ర అరగదీసి మూడు రోజులు అన్నిటికీ పట్టాను. అది వైరస్ జబ్బు, యాంటీబయాటిక్‌కు లొంగదు. పదకొండింటిలో రెండు మిగిలాయి. మా అత్త చేతుల మీద పెరిగిన తెల్లపెట్ట కూడా పోయింది. ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి డాక్టరుకు చూపించినా కనీసం మిగతావాటిని ముందే వేరు చేసేవాళ్లం అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే రేపు దగ్గరలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, తాజా రెట్ట ఒక కవర్లో పట్టుకెళ్లండి. వెళ్లడం కుదరకపోతే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి. డాక్టరు మందు రాస్తే, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి. ఒకేసారి రెండు మూడు చనిపోతే మాత్రం కోయకండి, కూర వండకండి, ఉత్త చేతులతో ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు కాబట్టి వెంటనే ఆసుపత్రికి చెప్పండి, వాళ్లు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

మిగతా కోళ్లకు టీకాలు వేయించారా? కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ ఇంజక్షన్, రెండూ కొక్కెర రాకుండా వేసే టీకాలే. టీకా మందు తెచ్చేటప్పుడు ఐసులో పెట్టి తేవాలి, వేడి తగిలితే పని చేయదు. జబ్బుగా ఉన్న కోడికి ఇప్పుడు టీకా వేయించకండి. కొత్తగా కొన్న కోడిని మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి.

ఈ రాత్రికి నీళ్లు పట్టించి, పేపరు మార్చి పెట్టండి. పొద్దున సంచి ఖాళీ అయిందో లేదో, రెట్ట ఎలా ఉందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.