కలిసి ధ్యానం చేస్తున్నాం సరే, బీపీ మాత్ర ఎవరు ఆపమన్నారు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 54. తుళ్ళూరు దగ్గర మా పొలం రాజధాని పూలింగ్‌కి ఇచ్చాం. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్న రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు, ఇప్పుడు పనులు జరుగుతున్నా మళ్ళీ ఏమవుతుందోనని గుండె దడ. వాకింగ్ ఫ్రెండ్స్ 8 మందిమి (రెండు పార్టీల వాళ్ళమూ ఉన్నాం) రోజూ పొద్దున 20 నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం చేస్తున్నాం. హాయిగా ఉందని నెల నుంచి బీపీ మాత్ర మానేశా. రాత్రి ఫ్రెండ్ ఇచ్చిన ఆల్ప్రాజోలం నిద్ర బిళ్ళ సగం వేసుకుంటున్నా. కలిసి చేయడం మంచిదా, ఎవరింట్లో వాళ్ళు చేసుకోవాలా? టైం పెంచాలా?

జవాబు: ధ్యానం సంగతి తర్వాత, ముందు ఆ బీపీ మాత్ర పేరేంటండీ? అసలుది రాయలేదు మీరు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివైతే ఒక్కసారిగా ఆపితేనే దడ వస్తుంది, అంటే మీ దడ అమరావతి వల్లో, మాత్ర మానడం వల్లో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఈ వారమే ఫిజీషియన్‌కి చూపించుకుని బీపీ, ఈసీజీ, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ధ్యానంతో బీపీ కొందరికి కొంచెం తగ్గుతుంది, కాదనను, కానీ అది మాత్రకి బదులు కాదు, తగ్గించాలన్నా రీడింగులు చూసి మీ డాక్టరే తగ్గించాలి.

ఇక ఆల్ప్రాజోలం. రోజూ ఓపీలో ఇదే గోల నాకు. స్ట్రిప్ కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్ళలు పొట్లంలో కట్టి తెస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, ఏం వేసుకుంటున్నారంటే "నిద్ర బిళ్ళండీ" అంటారు. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినా రిజిస్టర్లో రాయాలి. మీ ఫ్రెండ్ మంచాయనే అయ్యుండొచ్చు, డాక్టర్ అయితే కాదుగా! కొన్ని వారాలు వరసగా వేసుకుంటే అలవాటు పడిపోతుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి, వణుకు, అసలు నిద్రే పట్టకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. దాని మీద మద్యం పుచ్చుకోవడం అస్సలు వద్దు, పొద్దున మత్తుగా ఉంటే బండి తీయొద్దు.

మీరడిగిందానికి వస్తే, కలిసి కూర్చోండి, తప్పేం లేదు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆస్పత్రిలో దీన్ని మొదలుపెట్టింది కూడా పేషెంట్లని గుంపుగా కూర్చోబెట్టే, క్లాసులాగా. ఒక్కళ్ళమే అయితే మూడో రోజుకి బద్ధకిస్తాం, పదిమందిలో అయితే రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. 20 నిమిషాలు చాలు. ఊపిరి మీద ధ్యాస పెడతారు, అది రాత్రి టీవీ డిబేట్ మీదకి పోతుంది, మళ్ళీ తెచ్చుకుంటారు, అంతే పని. కానీ లేచి టీ బండి దగ్గర వాట్సాప్ తీసి మీ పార్టీ మా పార్టీ అనుకున్నారంటే ఆ 20 నిమిషాలూ గోవిందా. మీలో ఎవరికైనా కళ్ళు మూసుకుంటే భయం ఎక్కువైతే బలవంతం చేయకండి, కళ్ళు తెరిచి మెల్లగా నడవమనండి.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్నా కాబట్టి ఇది పరీక్షకి బదులు కాదు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే టెన్షన్లే అని ధ్యానంలో కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. ఏళ్ళ తరబడి నిద్ర లేదంటున్నారు, సైకియాట్రిస్టుని కలవడానికి ఇంత ఆలస్యం ఏంటండీ, పిచ్చి డాక్టర్ అనుకుంటారనా? మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ కవర్లో వేసుకుని వెళ్ళండి, ఖాళీవి కూడా.