బరువు లాగాలా, చెయ్యి వేయాలా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి నోటీసులో ‘ప్రతి ఒక్కరూ తమ బరువు తాము లాగాలి’ అని రాశారు. ఇంగ్లీషు ‘పుల్ యువర్ వెయిట్’కు ఇది సరైన తెలుగేనా? ‘తలా ఓ చేయి చేసుకోవాలి’ అంటే నయమా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: రెండూ వద్దు. రెండోది మరీ ప్రమాదం. చేయి చేసుకోవడమంటే కొట్టడం. కమిటీవాళ్లే ఆ పిలుపు ఇస్తే ఇంకేమైనా ఉందా!

ఇంగ్లీషు మాట తెడ్ల పడవల నుంచి వచ్చిందంటారు. పడవలో కూర్చున్న ప్రతి మనిషీ దానికి కొంత బరువే. ఆ బరువుకు తగ్గట్టు తెడ్డు లాగకపోతే అతణ్ని మిగతావాళ్లు మోయాల్సిందే. అందుకే ఆ మాట సాయం అడగడానికంటే, పని ఎగ్గొట్టేవాణ్ని దెప్పడానికే ఎక్కువ పనికొస్తుంది. తెలుగులో బరువు లాగేవి ఎడ్లు. ‘ఇంటి బరువు మోస్తున్నాడు’ అంటాం గానీ, అది భారమంతా ఒక్కడి మీద పడినప్పటి మాట. నలుగురూ పంచుకునే పనికి మనకున్నది ‘వంతు’: ‘తన వంతు పని చేయడం లేదు.’ కోపం కూడా కనిపించాలంటే ‘ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు’ అంటే చాలు, ఇంగ్లీషు ఊసే అక్కర్లేదు.

సాయానికి పిలిచేటప్పుడు ‘తలో చెయ్యి వేయండి’ అనాలి. తలా ఓ కలిసి తలో అయింది. దీన్ని ‘తల్లో చెయ్యి’ అని రాసేవాళ్లున్నారు. అది పేలు చూసే పని. విభక్తీ ముఖ్యమే. పనిలో చెయ్యి వేస్తే సాయం, మనిషి మీద చెయ్యి వేస్తే కేసు. ‘తలా’లోనే మనిషికింత అనే అర్థం ఉంది కాబట్టి ‘ప్రతి ఒక్కరూ తలా 500’ అనక్కర్లేదు, ‘తలా 500’ చాలు. ఇంటి లెక్కన వసూలైతే ‘ఇంటికి’ అనండి.

ఇంగ్లీషు ‘చిప్ ఇన్’ డబ్బుకూ పనికీ సరిపోతుంది. మనకు డబ్బయితే చందా, పనయితే చెయ్యి. కాబట్టి నోటీసును రెండు వాక్యాలు చేయండి: ‘మండపం పనిలో ఇంటికొకరు వచ్చి చెయ్యి వేయండి. ఖర్చులకు ఇంటికి 1,000 రూపాయలు చందా.’

చివర్లో ‘మీ ఉడతాభక్తి సాయం’ అని మాత్రం చేర్చకండి. ఉడతాభక్తి ఇచ్చేవాడు వినయంగా తన గురించి చెప్పుకునే మాట. పుచ్చుకునేవాడు అంటే ఇచ్చినదాన్ని చిన్నబుచ్చినట్టే. అక్కడ ‘యథాశక్తి’ వాడండి.