షెడ్డు నిండా సరుకు, ఖాతాలో పదివేలు

ప్రశ్న: మాది ఏటికొప్పాక. మా ఆయన (41) లక్కబొమ్మలు చేస్తారు. నేను (37) మెరుగు పెట్టడం, ప్యాకింగ్, వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్మకాలు చూసుకుంటాను. ఇద్దరు పనివాళ్లున్నారు. ఏడాదికి 11 లక్షల వరకు అమ్ముతాం. కర్ర, లక్క, కూలి, కొరియర్ పోను 4.3 లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి నెలకు 24 వేలు. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర లక్ష రూపాయల చిట్టీ వేశాం. నెలకు 5 వేల చొప్పున 20 నెలల్లో 13 కట్టాం, ఇంకా పాడలేదు. పోయినేడాది మా ఆయన అరచేతికి ఉలి దిగి ఆరు వారాలు పని ఆగింది. అప్పుడు 1.2 లక్షల బంగారు లోను తీసుకున్నాం, వడ్డీ మాత్రమే కడుతున్నాం. ఇప్పుడు ఏజెంటు ద్వారా హైదరాబాద్ కంపెనీ నుంచి దీపావళి గిఫ్ట్ బాక్సుల ఆర్డరు వచ్చింది. బాక్సు రూ.350 చొప్పున 1,200 బాక్సులు. సరుకు అందాక 60 రోజులకు డబ్బు ఇస్తారట. 3.1 లక్షల పెట్టుబడి కావాలి, చేతిలో పదివేలున్నాయి. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తానంటున్నాడు. ఒక లోన్ యాప్‌లో లక్ష అప్రూవ్ అయింది. యాప్ బదులు చిట్టీ పాడటం మంచిదా? అలాగే నెలకు 3 వేలు ఎస్‌ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వాయిదా) మొదలుపెట్టాలనుకుంటున్నాం. మా దగ్గర 2 లక్షల రూపాయల తయారైన సరుకు ఉంది, అదే మా పొదుపు.

జవాబు: యాప్ మంచిదా, చిట్టీ మంచిదా అని అడిగారు. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది అక్కడ కాదు. మా ఆయన చేతికి ఉలి దిగి ఆరు వారాలు పని ఆగింది అని ఒక ముక్క రాసి, వెంటనే బంగారు లోనులోకి వెళ్లిపోయారు. మీ సమస్యంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. ఆరు వారాల కష్టానికి తెచ్చిన అప్పు ఏడాది దాటినా తీరలేదు, అసలులో ఒక్క రూపాయీ తగ్గలేదు. అది తీరకుండానే దానికి రెండున్నర రెట్లు కొత్త అప్పు తెచ్చి, మళ్లీ అదే చేతి మీద పందెం కాయబోతున్నారు.

పెంబర్తి ఇత్తడి పనివాళ్లైనా, పెడన కలంకారీ వాళ్లైనా, కొండపల్లి బొమ్మలవాళ్లైనా నాకు రాసేది దాదాపు ఇలాగే ఉంటుంది. పని గొప్పగా ఉంటుంది, అమ్మకాలూ పర్వాలేదు, చేతిలో మాత్రం డబ్బు ఉండదు. ఏమైనా వస్తే చూసుకోవడానికి ఎంత పక్కన పెట్టారని అడిగితే సరుకు చూపిస్తారు. మీరూ అదే రాశారు. పోయినేడాది ఆసుపత్రిలో బిల్లు కట్టాల్సిన రోజున ఆ లక్కపిడతలు, కుంకుమ భరిణెలు కౌంటరులో తీసుకున్నారా? అవే పొదుపైతే బంగారం ఎందుకు తాకట్టు పెట్టాల్సి వచ్చింది? అమ్ముడైన రోజున సరుకు డబ్బవుతుంది. ఆపద వచ్చిన రోజున అది కొనేవాడి కోసం ఎదురుచూస్తుంది.

మీరే ఇచ్చిన అంకెలతో లెక్క చూడండి. 4.3 లక్షల్లో ఇంటి ఖర్చు 2.88 లక్షలు, చిట్టీ 60 వేలు, బంగారం వడ్డీ సుమారు 12 వేలు. ఇవి పోను ఏటా 70 వేలు మిగలాలి. అది ఖాతాలో లేదు. ఎక్కడికీ పోలేదు, కర్రగా, లక్కగా, అమ్ముడుపోని బొమ్మలుగా మారి షెడ్డులో కూర్చుంది. అంటే మీ సంపాదన సరిపోక కాదు, డబ్బును డబ్బుగా ఒక్క నెలైనా ఉండనివ్వడం లేదు.

ఇప్పుడు ఆర్డరు సంగతి. 1,200 బాక్సులకు 4.2 లక్షలు వస్తాయి, ఖర్చు 3.1 లక్షలు, మిగిలేది 1.1 లక్షలు. ఇందులో మీ ఇద్దరి కూలి కూడా కలిసే ఉంది, అది మరిచిపోవద్దు. యాప్ సంగతి పక్కన పెట్టి, 3 లక్షలూ మూడు రూపాయల వడ్డీకే దొరికాయనుకుందాం. నెలకు 9 వేలు. సరుకు తయారీకి మూడు నెలలు, అందించాక రెండు నెలలు, మొత్తం ఐదు నెలల వడ్డీ 45 వేలు. ఇది అంతా చెప్పిన మాట ప్రకారం జరిగితే. ఏజెంటు అరవై రోజులు అన్నాడంటే నేను ఐదు నెలలు వేసుకుంటాను. అప్పుడు తయారీతో కలిపి ఎనిమిది నెలల వడ్డీ 72 వేలు, మీకు మిగిలేది 38 వేలు. ఇక వానాకాలంలో సరిగా ఆరని అంకుడు కర్రతో తొందరపడి చేశారనుకోండి, ఏసీ ఆఫీసుకు చేరేసరికి నాలుగు బీటలు కనిపిస్తాయి. పదో వంతు సరుకు వెనక్కి పంపితే 42 వేలు పోయినట్టే. మీకు మిగలాల్సిన 38 వేలు దాంట్లో కొట్టుకుపోయి, ఎదురు 4 వేలు మీరే పెట్టుకోవాలి. ఎండలో కర్ర తిప్పి తిప్పి ఆరబెట్టే మీకు ఈ సంగతి నేను చెప్పాలా? అప్పు నెత్తిన ఉన్నప్పుడు మాత్రం కర్ర ఆరేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

లోన్ యాప్ గురించి ఒకే మాట, దాన్ని ఫోన్లోంచి తీసేయండి. వడ్డీ ఒక్కటే కాదు నా భయం. అలాంటి యాప్‌లు కొన్ని ఫోన్లోని కాంటాక్టులు అడుగుతాయి, వాయిదా తప్పితే ఆ నంబర్లకు ఫోన్లు వెళ్తాయి. మీ ఫోన్లో ఉన్నది చుట్టాలు మాత్రమే కాదు, మీ కొనుగోలుదారులంతా అందులోనే ఉన్నారు. ఇన్నేళ్లు కూడబెట్టుకున్న ఆ నమ్మకాన్ని లక్ష రూపాయలకు తాకట్టు పెడతారా?

ఆర్డరు వదులుకోమని నేను అనడం లేదు. ఏటికొప్పాక బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటమే ఈ బొమ్మలతో నడిచింది. కంపెనీలు మీ ఊరు వెతుక్కుంటూ వస్తున్నాయంటే సంతోషమే. కానీ వచ్చిన ఆర్డరంతా నెత్తికెత్తుకోవాలని ఎక్కడా లేదు. 500 బాక్సులు ఒప్పుకోండి, సగం అడ్వాన్సు అడగండి. 1.75 లక్షల ఆర్డరు, ఖర్చు సుమారు 1.3 లక్షలు, అడ్వాన్సు 87,500 వస్తుంది. ఇంకా కావాల్సింది 42,500. మీ షెడ్డులోని 2 లక్షల సరుకులో నాలుగో వంతును 15 శాతం తగ్గించి మీ వాట్సాప్ గ్రూపులో అమ్మితే సరిగ్గా ఆ డబ్బే వస్తుంది. చేతికి మిగిలేది 45 వేలు, వడ్డీ సున్నా. పైన 1,200 బాక్సులకు మిగిలింది ఎంతో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి.

అడ్వాన్సు ఇవ్వనంటే ఆ ఆర్డరు మీది కాదు. ఏజెంటు మొహం చిట్లించినా సరే. మీ పెట్టుబడితో, మీ వడ్డీతో ఆయన కమిషన్ సంపాదించుకోవడానికి మీరెందుకు నిద్ర మానుకోవాలి?

ఒప్పుకునే ముందు ఇంకో పని ఉంది. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించుకోండి, దానికి ఫీజు లేదు. ఆర్డరు కాగితం, బిల్లు ఏజెంటు పేరున కాకుండా నేరుగా కంపెనీ పేరున ఉండేలా చూసుకోండి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కూడా 45 రోజులు దాటి బకాయి పెట్టకూడదు. అంటే అరవై రోజుల షరతే చెల్లదు. ఏజెంటుకు ఈ చట్టం చెబితే నవ్వుతాడు. కంపెనీ అకౌంట్స్ వాళ్లు నవ్వరు, ఎందుకంటే గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా పన్ను లెక్కల్లో చూపించుకోవడం వాళ్లకు కుదరదు.

ఇక అసలు పనికి వద్దాం. నెలకు ఇంటి ఖర్చు 24 వేలు, చిట్టీ 5 వేలు, బంగారం వడ్డీ వెయ్యి, పని నడిచినా నడవకపోయినా షెడ్డు కరెంటుకు, చిల్లర ఖర్చుకు 2 వేలు. మొత్తం 32 వేలు. జీతగాళ్లకైతే మూడు నెలల ఖర్చు ఉన్నా సర్దుకోమంటాను. మీ ఇంట్లో సంపాదన అంతా ఒక మనిషి రెండు చేతుల మీద, ఒక లేత్ మిషన్ మీద ఉంది. తిరిగే కర్రకు లక్క కర్ర అదిమి పట్టి, ఆ రాపిడి వేడికి రంగు కరిగి పరుచుకునేదాకా చెయ్యి కదలకుండా నిలపాలి. ఆ చెయ్యి ఆగితే మీరు మొగలి ఆకుతో మెరుగు పెట్టడానికి ముందు బొమ్మే ఉండదు. అందుకే మీకు ఆరు నెలలు. 32 వేల చొప్పున 1.92 లక్షలు, రెండు లక్షలు అనుకోండి. ఇది లాభం కోసం పెట్టే డబ్బు కాదు, దీని మీద ఎంత వడ్డీ వస్తుందని నన్ను అడగవద్దు.

బీమా ఉంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఏడాదికి రూ.20 కట్టే సురక్షా ప్రమాద బీమా, రూ.436 కట్టే జీవన జ్యోతి జీవిత బీమా ఇద్దరి పేర్లా లేకపోతే రేపే బ్యాంకుకు వెళ్లి చేయించండి, ఇంకో మాట లేదు. కానీ రూ.20 బీమా ప్రమాదంలో ప్రాణం పోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో డబ్బిస్తుంది. అరచేతికి కుట్లు పడి ఆరు వారాలు ఖాళీగా కూర్చుంటే ఒక్క పైసా రాదు. పోయినేడాది మీకు జరిగింది సరిగ్గా అదే. ఆ ఆరు వారాలను ఏ పాలసీ నింపదు, బ్యాంకులో ఉన్న మీ డబ్బే నింపాలి.

ఆ రెండు లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? మొదటిది చిట్టీ. మామూలుగా అయితే చివరిదాకా ఆగమంటాను. మీది తెలిసినవాళ్ల చిట్టీ అని రాశారు, రిజిస్టరైందని రాయలేదు. రిజిస్టరు కాని చిట్టీలో చివరిదాకా కూర్చోవడం ధైర్యం కాదు. ఇంకో రెండు మూడు నెలల్లో పాట బాగా తగ్గుతుంది, అప్పుడు పాడేయండి. వచ్చిన డబ్బు ఆ రోజే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి, కర్ర కొనడానికి కాదు. మిగతా వాయిదాలు మామూలుగా కట్టుకుంటూ పోండి. సుమారు 95 వేలు అలా వస్తాయి.

రెండోది అమ్మకాల్లోంచి. మీ వ్యాపార ఖాతా లేని ఇంకో బ్యాంకులో ఖాతా తెరవండి. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే ఏదీ తగిలించవద్దు. అమ్మిన ప్రతి వంద రూపాయల్లో ఆరు అందులోకి పోవాలి. 11 లక్షల మీద ఏడాదికి 66 వేలు, మీకు మిగలాల్సిన 70 వేలలోనే అది సరిపోతుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా అమ్మకాలు బాగుంటాయి, అప్పుడు వందకు పది వేయండి. ఆషాఢంలో, మూఢాల్లో రెండే వేసినా నేనేమీ అనను. ఏడాదిన్నరలో రెండు లక్షలు చేరతాయి. అందులోంచి తీయడానికి మూడే కారణాలు: ఒంట్లో బాగోలేకపోవడం, పని ఆగిపోవడం, ఇంటికో షెడ్డుకో నష్టం జరగడం. లక్క చవగ్గా దొరికింది, మంచి ఆర్డరు వచ్చింది, పెళ్లికి వెళ్లాలి, ఇవేవీ కారణాలు కావు.

పెట్టుబడికి అప్పు తప్పనిసరైతే చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. శిక్షణ అయ్యాక తొలివిడత లక్ష రూపాయలు, ఏడాదికి 5 శాతం వడ్డీకి, తాకట్టు లేకుండా ఇస్తారు, 18 నెలల్లో తీర్చాలి. కుటుంబంలో ఒకరికే వస్తుంది. లక్షకు ఏడాది వడ్డీ అక్కడ 5 వేలలోపే, మీ తెలిసినాయన దగ్గర 36 వేలు. పంచాయతీ నుంచి మూడు దశల్లో పరిశీలన ఉంటుంది కాబట్టి ఈ దీపావళికి అందకపోవచ్చు, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు అనకండి. మూడు రూపాయల వడ్డీ ఇచ్చేవాడి చుట్టూ తిరగడం కన్నా అది నయం.

షెడ్డులో కర్ర, లక్క ఉన్నాయి, రెండూ త్వరగా అంటుకునేవే. చిన్న వ్యాపారాలకు అగ్నిప్రమాద బీమా అయిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకోండి, మిషన్లకూ సరుకుకూ కలిపి పూర్తి విలువకు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేతి గాయాలు చూసే ఆసుపత్రి దగ్గర్లో ఏది ఉందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి, రక్తం కారుతున్నప్పుడు వెతుక్కోవడం కుదరదు. దీపావళి ఆర్డరులో మిగిలే 45 వేలు నేరుగా బంగారం లోను అసలుకు కట్టేయండి.

ఎస్‌ఐపీ సంగతి, ఆ ఖాతాలో రెండు లక్షలు నిండాక రాయండి, అప్పుడు మాట్లాడదాం.