పాత ప్యాకేజీలన్నీ మోసుకెళ్లకు

అమ్మాయీ,

ఆశీస్సులు. మ్యాక్‌ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక మ్యాక్‌పోర్ట్స్‌లో (మ్యాక్‌లో ప్రోగ్రామ్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసిపెట్టే సాధనం) ఏ కమాండ్ ఇచ్చినా ప్లాట్‌ఫామ్ సరిపోలడం లేదని, డార్విన్ 22 ఉండాల్సిన చోట 23 ఉందని మొరాయిస్తోందన్నావు. ఆ అంకెలు చూసి కంగారుపడకు. నీ పాత మ్యాక్‌ఓఎస్ వెంచురా 13 అయినా దాని కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) డార్విన్ 22, కొత్తది సోనోమా 14 అయినా దానిది 23. ఈ రెండు లెక్కలూ వేరు. నీ ప్యాకేజీలు డిస్క్ మీద ఎక్కడివక్కడే ఉన్నాయి, కాకపోతే పాత సిస్టమ్ కోసం తయారైనవి.

ముందు ఆపిల్ ఇచ్చే కమాండ్ లైన్ టూల్స్ కొత్తవి వేసుకో. తరవాత సోనోమా కోసం ఇచ్చిన ఇన్‌స్టాలర్‌తో మ్యాక్‌పోర్ట్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి. 2.10 వెర్షన్ నుంచి 'పోర్ట్ మైగ్రేట్' అనే కమాండ్ ఉంది. ఉన్నవాటి జాబితా రాసుకోవడం, వాటిని తీసేయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం అన్నీ అదే చూసుకుంటుంది. అయినా దాన్ని వెంటనే నడపకు, ముందు అక్కరలేనివి తీసెయ్యి.

'పోర్ట్ ఇన్‌స్టాల్డ్ రిక్వెస్టెడ్' అని అడిగితే నువ్వు కోరి తెచ్చుకున్నవి మాత్రమే కనిపిస్తాయి. మిగతావి వాటి వెంట వచ్చిన డిపెండెన్సీలు. ఆ చిన్న జాబితా ముందు పెట్టుకుని నిర్దయగా కొట్టెయ్యి. ఏనాడో ఒక ప్రయోగానికి తెచ్చుకున్న కంపైలర్ (సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) ఇప్పుడెందుకు? వద్దనుకున్నవి తీసేశాక ఎవరికీ అక్కరలేకుండా మిగిలిన డిపెండెన్సీలను 'పోర్ట్ రీక్లెయిమ్' చూపిస్తుంది, వాటినీ పంపించెయ్యి. ఎల్ఎల్‌విఎమ్, జీసీసీ లాంటి పెద్ద కంపైలర్ ప్యాకేజీలు ముందే కంపైల్ చేసిన రూపంలో దొరక్కపోతే సోర్స్ నుంచి తయారవడానికి గంటలు పడుతుంది. వాడనిదాని కోసం ఫ్యాన్ మోత భరించడం నాకైతే విసుగు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నావు కదా, అక్కడ మాత్రం తొందరపడకు. కొత్త మేజర్ వెర్షన్ పాత డేటా ఫోల్డర్‌ను నేరుగా చదవలేదు. సర్వర్ ఆపి ఉండగానే ఆ ఫోల్డర్‌కు ఒక కాపీ తీసిపెట్టు. నువ్వు ఇదివరకు వాడిన మేజర్ వెర్షన్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పూర్తి డంప్ (డేటా అంతా ఫైల్‌గా ఎగుమతి) తీసుకున్నాకే పై వెర్షన్ మాట. అసలు ఈ డంప్ అప్‌గ్రేడ్‌కు ముందే తీసి ఉండాల్సింది, సరే.

మధ్యలో ఏదైనా ప్యాకేజీ ఆగిపోతే ఫోర్స్ ఆప్షన్‌తో నెట్టాలని చూడకు. 'పోర్ట్ లాగ్‌ఫైల్' అని ఆ ప్యాకేజీ పేరిస్తే లాగ్ ఎక్కడుందో చెబుతుంది. అందరూ చివరి లైన్ చూస్తారు, అక్కడ దొరికేది పర్యవసానమే. 'ఎర్రర్' అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతుకు. పక్కన మ్యాక్‌పోర్ట్స్ లాంటిదే అయిన హోమ్‌బ్రూ కూడా ఉంటే దాని లైబ్రరీలు కంపైల్‌లో చొరబడుతున్నాయేమో చూడు, ముఖ్యంగా ఇంటెల్ మ్యాక్‌లో. రెండింటినీ ఒకే మెషీన్‌లో ఉంచడం నాకు నచ్చదు.

పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లను (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉంచుకునే పైథాన్ ఫోల్డర్లు) బాగుచేసే పని పెట్టుకోకు. తొలగించి, కావలసిన లైబ్రరీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో కొత్తగా కట్టుకో.

ఎక్కడైనా చిక్కుపడితే ఆ మొదటి ఎర్రర్ చుట్టూ ఉన్న లైన్లు పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గానే కావాలి.

ఇట్లు,
పెదనాన్న