మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో ముందు ఏది నేర్చుకోవాలి?

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకూ తెలుగు మీడియమే. థియరీ ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ ప్రాక్టికల్స్ అంటే టెన్షన్. బాక్టీరియాకు రంగు వేసి రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయిన్ ఒక్కోసారి ఒక్కో రంగు వస్తుంది. ప్లేట్ల మీద బూజు పడుతోంది. ముందు దేని మీద చెయ్యి తిరగాలి?

జవాబు:

నేనూ అనంతపురంలోనే డిగ్రీ చదివాను. ఇప్పుడు కర్నూలులో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. నా మాట వింటే గ్రామ్ స్టెయిన్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు స్ట్రీకింగ్, అంటే బాక్టీరియాను ప్లేట్ మీద గీతలుగా పలచగా పరవడం నేర్చుకోండి. కాలేజీల్లో రంగులూ స్లైడ్లూ ముందు చేతికిస్తారు, చూడ్డానికి బాగుంటాయి కాబట్టి. ప్లేట్ మీద పెరిగింది ఒకే రకం బాక్టీరియా అన్న నమ్మకం లేనప్పుడు మాత్రం స్లైడ్ మీద ఏ రంగు వచ్చినా ఒరిగేదేం లేదు.

ఇంకో సంగతి. ల్యాబ్‌లో చేయించే ప్రతి పనీ ఏదో ఒక అనుమానం తీర్చుకోవడానికే పుట్టింది. ఆ అనుమానం ఏమిటో పట్టుకుంటే స్టెప్పులు బట్టీ పట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

స్ట్రీకింగ్ వెనక ఉన్న అనుమానం ఇది: నేను లూప్‌తో (చివర చిన్న గుండ్రటి వంపున్న తీగ) తీసింది ఒక రకమా, పది రకాలా? రాత్రంతా పెరిగిన బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే ద్రవం) ఒక్క మిల్లీలీటరులోనే కోట్ల కొద్దీ కణాలుంటాయి. చేటలో బియ్యం పలచగా పరిస్తే తప్ప రాయి కంటపడదు, ఇదీ అంతే. అందుకే ప్లేట్‌ను మనసులో నాలుగు భాగాలు చేసుకుని, మొదటి భాగంలో గీసి, లూప్ కాల్చి, చల్లార్చి, మొదటి గీతల అంచు నుంచి రెండో భాగంలోకి లాగుతాం. అలా ప్రతి భాగానికీ. చివరి భాగానికి వచ్చేసరికి కణాలు ఒకదానికొకటి దూరంగా పడతాయి. ఒక్కోటీ పెరిగి ఒక్కో కాలనీ అవుతుంది. మధ్యలో లూప్ కాల్చడం మానేస్తే నాలుగు భాగాలూ ఒకేలా మందంగా పెరుగుతాయి. ఎక్కువమంది ప్లేట్లలో నేను చూసేది అదే.

లూప్‌ను ఎర్రగా కాల్చాక ఏమీ పెరగని చోట, అగర్ (ప్లేట్‌లో గడ్డకట్టిన జెల్లీ) అంచున ఒకసారి తాకించి చల్లార్చండి. వేడిగా ఉన్నప్పుడే కాలనీ మీద పెడితే ‘చుయ్’మంటుంది. కణాలు చావడం అటుంచి, సన్నటి తుంపర గాల్లోకి లేస్తుంది. ఆసుపత్రిలో దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటాం. గీసేటప్పుడు అగర్ చీలకూడదు, లూప్ బరువు చాలు. పేరూ తేదీ మూత మీద కాకుండా అడుగున రాయండి, మూతలు మారిపోతుంటాయి. ఇంక్యుబేటర్‌లో (బాక్టీరియా పెరగడానికి ఒకే వేడిలో ఉంచే పెట్టె) ప్లేట్‌ను బోర్లించి పెట్టండి. లేకపోతే మూతకు పట్టిన చెమ్మ కాలనీల మీదికి కారి అంతా కలిసిపోతుంది.

ఇక బూజు సంగతి. ప్లేట్ పారేసే ముందు బూజు ఎక్కడ వచ్చిందో చూడండి. మీరు గీసిన గీత మీదే ఉంటే కల్చర్‌తో (మీరు పెంచుతున్న బాక్టీరియాతో) పాటే వచ్చి ఉండొచ్చు. గీతకు దూరంగా ఉంటే గాల్లోంచి పడింది. అగర్ లోపల, పైపొర కింద పెరుగుతుంటే మీడియా (బాక్టీరియాకు ఆహారమయ్యే మిశ్రమం) సరిగా స్టెరిలైజ్ కాలేదు, అంటే అందులోని సూక్ష్మజీవులన్నీ చావలేదు, లేదా పోసేటప్పుడే చేరింది. ఇంకో అలవాటు చేసుకోండి. పోసిన ప్లేట్లలో ఒకదాని మీద ఏమీ గీయకుండా మిగతా వాటితో పాటు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. దాని మీదా పెరిగితే తప్పు మీ స్ట్రీకింగ్‌లో లేదు.

గాల్లోంచి పడుతుంటే మొదటి ముద్దాయి ఫ్యాన్. మన ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే కొట్టడానికొస్తారు కానీ, గీసే ఆ కాసేపైనా ఆపాల్సిందే. బర్నర్ మంటకు జానెడు దూరంలో పని చేయండి. మంట పైకి లేపే గాలి దుమ్మును ప్లేట్ మీద పడనివ్వదు. మూత మొత్తం తీసి బల్ల మీద పెట్టొద్దు, ఒక పక్క లూప్ పట్టేంత ఎత్తితే చాలు. నమ్మకం కుదరకపోతే రెండు ప్లేట్లు తీసుకోండి. ఒకటి ఫ్యాన్ కింద, ఇంకోటి మంట పక్కన 15 నిమిషాలు తెరిచి పెట్టి, ఇంక్యుబేట్ చేసి చూడండి. సార్ పది సార్లు చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కుతుంది.

మీడియా గురించి రెండు ముక్కలు. న్యూట్రియంట్ అగర్ పొడి మామూలుగా లీటరుకు 28 గ్రాములు, అందులో 15 గ్రాములు అగరే. కొలత ఎలాగూ డబ్బా మీద ఉంటుంది. ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి స్టెరిలైజర్) 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 15 నుంచి 20 నిమిషాలు. ఇక్కడ అందరూ ప్రెషర్ ముల్లునే చూస్తారు. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకుండా వాల్వ్ మూసేస్తే ముల్లు 15 చూపిస్తుంది, వేడి మాత్రం 121కి చేరదు. ఆవిరి ఆగకుండా, ఒకే ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు మూయండి. మరిగే నీళ్లు చాలవా అంటే, మామూలు బాక్టీరియాకు చాలు, స్పోర్లకు (కొన్ని బాక్టీరియా తయారుచేసే, వేడిని తట్టుకునే నిద్ర రూపాలు) చాలవు. మన వైపు గొర్రెల కాపరులకు దొమ్మ రోగం (ఆంత్రాక్స్) తెలియనిది కాదు. దాన్ని తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్ స్పోర్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అలా చచ్చిన జీవాన్ని కోయొద్దని పశువుల డాక్టర్లు చెప్పేది అందుకే. ప్రాజెక్టు పేరుతో అలాంటి శాంపిల్ జోలికి మీరూ పోవద్దు.

ఆటోక్లేవ్ నుంచి తీసిన ఫ్లాస్క్‌ను 45, 50 డిగ్రీల మధ్యకు చల్లార్చి పోయాలి. చేత్తో పట్టుకుంటే వేడిగా ఉన్నా ఓర్చుకోగలిగేలా ఉండాలి. మరీ వేడిగా పోస్తే మూత నిండా చెమ్మ, ఆలస్యం చేస్తే ఫ్లాస్క్‌లోనే గడ్డ. అగర్‌లో ఉన్న సుఖం ఏమిటంటే కరగడానికి 85 డిగ్రీలు దాటాలి, గట్టిపడటానికి 40కి దిగాలి. 1880ల మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో జెలటిన్ వాడేవారు. 37 డిగ్రీల దగ్గర అది నీళ్లయిపోయేది. అక్కడ పని చేసిన వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్‌ను సూచించింది. ఎండాకాలంలో మన ల్యాబ్ బల్ల మీద జెలటిన్ ప్లేట్ ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లయినా ఆమె పేరు పరీక్షల్లో అడగరు, 1887లో ఈ మూత ప్లేట్ గురించి రాసిన పెట్రీ పేరు మాత్రం ప్లేట్‌కే అతుక్కుపోయింది.

పుస్తకాల్లో దొరకని సమస్య ఒకటుంది, మన ఎండ. మామూలు ఇంక్యుబేటర్‌లో హీటర్ మాత్రమే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. మే నెలలో గది 40 డిగ్రీలుంటే మీరు 37 దగ్గర పెట్టినా లోపల 37కు దిగదు. డయల్‌ను నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. 25, 28 డిగ్రీలు కావలసిన బూజుల పనికి బీఓడీ ఇంక్యుబేటర్ వాడాలి, దానికి కంప్రెసర్ ఉంటుంది. ఎర్ర రంగు తయారుచేసే సెరేషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియా కల్చర్ మీ కాలేజీలో ఉంటే డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి బల్ల మీదే పెంచి చూడండి. చలికాలంలో ఎర్రగా వచ్చిన కాలనీ ఎండాకాలంలో తెల్లగా వస్తుంది. 37 దగ్గరకు వస్తే అది ఆ రంగు తయారుచేయడం దాదాపు మానేస్తుంది. కల్చర్ మారిపోయిందని కంగారు పడొద్దు. మన పొడి గాలికి అగర్ కూడా ఎండి ముడుచుకుపోతుంది. ప్లేట్లను పాలిథిన్ కవర్లో చుట్టి, ఇంక్యుబేటర్‌లో ఒక బీకరు నీళ్లు పెట్టండి.

ఇప్పుడు గ్రామ్ స్టెయిన్. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడుగు, అయోడిన్ ఒక నిమిషం, కడుగు, ఆల్కహాల్, కడుగు, సాఫ్రనిన్ అర నిమిషం నుంచి ఒక నిమిషం. ఇది అందరికీ వచ్చు. తేడా అంతా ఆల్కహాల్ దగ్గరే. కణం చుట్టూ మందమైన పెప్టిడోగ్లైకాన్ (గోడ పదార్థం) గోడ ఉన్నవి వయొలెట్-అయోడిన్ జోడీని పట్టి ఉంచి ఊదాగా మిగులుతాయి, ఇవి గ్రామ్ పాజిటివ్. పలచటి గోడవి వదిలేసి సాఫ్రనిన్‌తో గులాబీ అవుతాయి, ఇవి గ్రామ్ నెగటివ్. ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచితే పట్టి ఉంచాల్సినవీ వదిలేసి గులాబీ రంగులోకి వస్తాయి. గడియారం కన్నా కంటిని నమ్మండి. స్లైడ్‌ను వాలుగా పట్టుకుని చుక్క చుక్కగా పోస్తుంటే ఊదా రంగు కారుతుంది. కారే చుక్క తేటగా వచ్చిన వెంటనే నీళ్లతో కడిగేయాలి.

అయినా ఒక్కోసారి ఒక్కో రంగు వస్తుందంటే రెండు చూడండి. స్మియర్ (స్లైడ్ మీద పూసిన పొర) మందంగా ఉందా? ఆరాక దాని వెనక పుస్తకం అక్షరాలు కనపడాలి, లేకపోతే ఆల్కహాల్ లోపలిదాకా పోదు, నెగటివ్ కూడా ఊదాగానే మిగిలిపోతుంది. కల్చర్ పాతదా? ఒక రోజు దాటిన కల్చర్‌లో గోడలు దెబ్బతిన్న గ్రామ్ పాజిటివ్ కణాలు గులాబీగా కనిపిస్తాయి. వీటన్నిటికీ మించి, అదే స్లైడ్ మీద ఒక చివర స్టాఫిలోకాకస్ (పాజిటివ్), ఇంకో చివర ఈ-కోలై (నెగటివ్) పెట్టి మధ్యలో మీది పెట్టండి. రెండు చివర్లూ సరిగ్గా వస్తేనే మధ్యది నమ్మాలి. మా ల్యాబ్‌లో కొత్త రంగు సీసా తెరిచినా ముందు తెలిసిన కల్చర్లతో చూసుకోకుండా రిపోర్టు ఇవ్వం. కల్చర్ దొరకకపోతే ఇంటి పెరుగు పైనున్న తేట నీళ్లు ఒక చుక్క చాలు, అందులోని లాక్టిక్ బాక్టీరియా గ్రామ్ పాజిటివ్. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ పద్ధతి ప్రచురించినప్పుడు ఆయనకు కావలసింది బాక్టీరియాను వర్గాలుగా విడదీయడం కాదు, న్యుమోనియాతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియా కంటికి కనపడటం.

అన్నిటికీ ఈ రంగులు పనికిరావని కూడా గుర్తుంచుకోండి. టీబీ బాక్టీరియా గోడలో మైనం లాంటి కొవ్వు పదార్థం ఉంటుంది, గ్రామ్ రంగులు సరిగా ఎక్కవు. అందుకే తెమడ పరీక్షకు జీల్-నీల్సన్ అనే వేరే రంగు పద్ధతి. నీలం మధ్యలో సన్నటి ఎర్ర కడ్డీలు కనిపిస్తాయి. బాక్టీరియాను పెరాక్సైడ్‌లో కలిపి బుడగలు వస్తాయా అని చూసే కాటలేజ్ పరీక్ష చేసేటప్పుడు నైక్రోమ్ లూప్ వాడొద్దు, ఆ లోహమే పెరాక్సైడ్‌ను పొంగించగలదు. పుల్ల వాడండి.

చెయ్యి తిరిగాక ఒక పని చెబుతాను, ఆగస్టులో చేయండి. శనక్కాయ చేనుకెళ్లి రైతును అడిగి ఒక మొక్కను వేరు తెగకుండా తవ్వి తీసుకోండి. వేర్ల మీద బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చీల్చండి, లోపల గులాబీ రంగుంటే అది నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టు. అలాంటి గట్టి బుడిపెలు తీసుకుని ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు, ఆ తర్వాత హైపోక్లోరైట్‌లో (బ్లీచ్) కాసేపు ముంచి, స్టెరైల్ నీళ్లతో పలుమార్లు కడగండి. చివరిసారి కడిగిన నీళ్లను ఒక ప్లేట్ మీద వేయండి, దాని మీద ఏమీ పెరగకూడదు. పెరిగితే పైనున్న మట్టి బాక్టీరియా పోలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి. తర్వాత బుడిపెను నలిపి, కాంగో రెడ్ అనే రంగు కలిపిన ఈస్ట్ మానిటాల్ అగర్ మీద స్ట్రీక్ చేసి 28 డిగ్రీల దగ్గర పెట్టండి. శనక్కాయ బుడిపెల్లో ఉండే, నత్రజనిని పట్టే బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా నెమ్మది మనిషి, వారం దాకా పడుతుంది. కాంగో రెడ్‌ను అంతగా పీల్చదు, తెల్లగా చిన్న కాలనీలుగా వస్తుంది. రెండో రోజుకే ప్లేట్ నిండిపోతే సంబరపడొద్దు, అది వేరేది. ఆ ప్లేట్‌ను ఆటోక్లేవ్ చేసి పారేసి, ఇంకో బుడిపె తీసుకోండి.