పదికి ఎన్ని మార్కులని అడిగావు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. దానికింద ఒకే ప్రశ్న రాశావు: "మామయ్యా, బేస్ గిటార్‌లో నాకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" వేయను. ముప్పై ఏళ్లకు పైగా ఈ లావు తీగలు మీటుతున్నాను, నాకు నేనే ఇంతవరకు మార్కులు వేసుకోలేకపోయాను. అయితే ఎక్కడ నిలబడుతున్నానో, ఎక్కడ దొరికిపోతున్నానో తెలుసుకునే దారులు కొన్ని పట్టుబడ్డాయి. అవి రాస్తాను. చదివాక కూడా మార్కులు కావాలనిపిస్తే నువ్వే వేసుకో.

ముందు నా పరువు తక్కువ కథ ఒకటి. వాయించడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. వేళ్లకు పరుగు వచ్చేసింది, నా అంతటివాడు లేడని నా లెక్క. ఒకరోజు సాధనలో పాట మధ్యలో ఫ్యూజు పోయి నా ఆంప్లిఫయర్ మూగబోయింది. నేను వంగి వైర్లు వెతుక్కుంటుంటే మిగతావాళ్లు ఆపకుండా చివరిదాకా వాయించేశారు. పాట అయ్యాక గాయని డ్రమ్మర్ వైపు తిరిగి, "ఈసారి భలే కుదిరింది కదా" అంది. నా శబ్దం ఆగిపోయిందని ఆమె గమనించలేదు. గమనించి ఉంటే ఆ మాట అనేది కాదు పాపం. ఆ రాత్రి పాత రికార్డింగులు తీసి వింటే సంగతి బయటపడింది. ఆమె ఊపిరి తీసుకునే ప్రతి ఖాళీలోనూ నేను ఏదో ఒకటి దూరుస్తున్నాను. దూర్చిన ప్రతిసారీ పాటను కొంచెం ముందుకు తోస్తున్నాను.

అప్పటినుంచి నేను ఎలా వాయిస్తున్నానో తెలియాలంటే నా వేళ్ల వైపు చూడటం మానేసి పక్కవాళ్ల వైపు చూస్తున్నాను. డ్రమ్మర్ భుజాలు సడలి ఉన్నాయా, బిగుసుకున్నాయా? గాయకుడు లెక్కపెట్టుకోకుండానే చరణంలోంచి పల్లవికి వచ్చేస్తున్నాడా, లేక ప్రతి మలుపులో నా వైపు అనుమానంగా చూస్తున్నాడా? నువ్వు బాగా వాయించిన రోజున ఎవరూ నీ గురించి మాట్లాడకపోవచ్చు. దానికి మనసు నొచ్చుకుంటే గిటార్ మార్చుకోవడం మేలు. ఈ మాట కొంచెం కటువుగానే అంటున్నాను.

డెట్రాయిట్‌లో 1960లలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు నీకు తెలిసే ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడాయన. ఆ పాటలు ప్రపంచమంతా మోగుతున్నా చాలాకాలం రికార్డుల మీద ఆయన పేరు ఉండేది కాదు. 1983లో పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2000లో. నీ రికార్డింగ్‌లో మూడువేళ్ల పరుగు వింటున్నంతసేపూ నాకు ఆ ఒంటివేలే గుర్తొచ్చింది.

ఇక నిన్ను నువ్వు వినే పద్ధతి. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి వాయించిన రోజే వినకు. వేళ్లకు అప్పటి సంబరం ఇంకా గుర్తుంటుంది, చెవిని అది ఏమారుస్తుంది. నాలుగు రోజులు పక్కన పెట్టు. ఫోను స్పీకరులో అసలే వద్దు. మన తీగల్లో అన్నిటికంటే లావుదాన్ని వట్టిగా మీటితే 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ చిన్న స్పీకరు అంత కిందికి దిగలేదు, అసలు స్వరంతో పాటు పైన సన్నగా మోగే అతిస్వరాలే నీకు వినిపిస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకో.

మొదటిసారి ప్రతి స్వరం ఎక్కడ మొదలవుతోందో మాత్రమే విను. 100 టెంపోలో, అంటే నిమిషానికి వంద బీట్ల వేగంలో, ఒక బీటు 600 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 150. కాలితో మోగించే కిక్ డ్రమ్ కంటే 30 మిల్లీసెకన్లు ముందు పడితే ఆ నాలుగో వంతులో అయిదో భాగం మింగేసినట్టే. కంప్యూటర్‌లో రెండు ట్రాకులనూ ఒకదాని కింద ఒకటి పెడితే కంటికే కనిపిస్తుంది. కాస్త వెనకగా పడటం తప్పని అనుకోకు, కొన్ని పాటలకు అదే అందం. ఎప్పుడూ ఒకే ఎడంతో వెనకుంటే తెలిసి వాయిస్తున్నావని అర్థం. ఓసారి ముందూ ఓసారి వెనకా పడుతుంటే మాత్రం చేయి నీ మాట వినడం లేదు.

రెండోసారి స్వరం ఎక్కడ ఆగుతోందో విను. నువ్వు దొరికిపోయింది ఇక్కడే. రెండో తీగకు వెళ్లాక కూడా మొదటి తీగ వెనక నుంచి మూలుగుతూనే ఉంది. స్నేర్ (కర్రతో చురుగ్గా కొట్టే చిన్న డ్రమ్) పడేచోట తెగాల్సిన స్వరం సాగి దాని మీద పరుచుకుంది, అందుకే నీ డ్రమ్స్ ట్రాకు అంత మొద్దుగా వినిపిస్తోంది. ఆ తప్పు డ్రమ్స్‌ది కాదు. ఎడమచేతి వేలిని మెట్టు (ఫ్రెట్) మీద నుంచి పైకి ఎత్తేస్తున్నావనుకుంటాను. ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదిలి, తీగకు ఆనించే ఉంచు, చప్పున ఆగుతుంది. కుడిచేతి బొటనవేలు వాయించని లావుతీగల మీద ఆనుకుని ఉండాలి. పరీక్ష కావాలా? ఒకే స్వరాన్ని బీటుకొకటి చొప్పున వాయించు. ఒక ఆవృత్తంలో, అంటే నాలుగు బీట్లు, నిండుగా సాగనివ్వు, తర్వాతి ఆవృత్తంలో సరిగ్గా సగానికి తెంచు. అలా మార్చి మార్చి రెండు నిమిషాలు. నాకు ఇది నిజంగా చేతికి రావడానికి ఏడాది పట్టింది, ఇప్పటికీ అలిసిపోయిన రోజున జారిపోతుంది.

మూడోసారి నిన్ను నువ్వు వినకు. పాట విను. నీకు తెలియకుండా కాలు ఆడిందా లేదా అన్నదే ప్రశ్న.

లయ సంగతి. నీ పాట టెంపో 80 అయితే లయ చప్పుడు చేసే మెట్రోనోమ్‌ను 40కి పెట్టి, ఆ చప్పుళ్లు రెండో బీటు, నాలుగో బీటు అనుకుని వాయించు. అది కుదిరాక 20కి దించు, ఆవృత్తానికి ఒకే ఒక్క చప్పుడు. చప్పుడు నీకంటే ముందొచ్చిందంటే నువ్వు లాగుతున్నావు, వెనకొచ్చిందంటే పరుగెత్తుతున్నావు. అబద్ధం చెప్పని సాక్షి అది.

తెలియని పాట ఒకటి పెట్టుకుని, రెండుసార్లు విన్నంతలో మూలస్వరాలు (ప్రతి కార్డ్‌కూ ఆధారమైన స్వరం) పట్టగలవో లేదో కూడా చూసుకో. కాగితం చూసి వాయించడం వేరు, చెవితో వెళ్లడం వేరు. దీని గురించి ఇంకోసారి రాస్తాను.

అభిప్రాయం అడగాలంటే తోటి బేసిస్టులను అడగకు. వాళ్లు నీ వేళ్లు చూస్తారు. డ్రమ్మర్‌ను అడుగు, గాయకుడిని అడుగు. "ఎలా వాయించాను?" అంటే "బాగుంది" అనే మర్యాదే వస్తుంది. "రెండో చరణంలో నేను పరుగెత్తానా? నీకు అడ్డం వచ్చింది ఎక్కడ?" అని అడిగితే ముందు ఇబ్బందిగా నవ్వి, తర్వాత నిజం చెబుతారు. వాళ్లు మళ్లీ పిలిచారా లేదా అన్నది అంతకంటే పెద్ద జవాబు. మా గాయని ఆ తర్వాత నన్ను పిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

"నెల రోజులుగా ఇంకా అధ్వానంగా వాయిస్తున్నాననిపిస్తోంది" అని కూడా రాశావు. ఫోనులో ఇతరులు వాయించే వీడియోలు చూడటం వల్ల కొంత. నలభై సెకన్ల వీడియో వెనక ఎన్నిసార్లు తప్పి మళ్లీ తీశారో తెరమీద ఉండదు. మిగతాది మంచి కబురే అనుకుంటున్నాను. నీ పాత రికార్డింగ్‌లోనూ ఈ మూలుగులన్నీ ఉన్నాయి, అప్పుడు నీకు వినపడలేదు. చెవి చేతుల కంటే ముందు నడిచింది, అంతే. ఆర్నెల్లకోసారి అదే పాటను అదే టెంపోలో రికార్డు చేసి తేదీ వేసి దాచుకో. పోల్చుకోవాలనిపించినప్పుడు అవి తీసి విను.

ఇప్పుడు నాకు కావలసింది ఇది. 50 టెంపోలో నాలుగు నిమిషాలు, ఒకే స్వరం. మొదటి మూడు బీట్లూ వాయించి, నాలుగో బీటులో పూర్తి నిశ్శబ్దం. వేగం లేదు, అలంకారాలు లేవు. రికార్డు చేశాక ఏ సవరణా చేయకుండా, విసుగొచ్చి మధ్యలో తిట్టుకుంటే ఆ తిట్టుతో సహా పంపు. ఆ నాలుగో బీటే నేను వింటాను.

నీ మామయ్య