అబద్ధం చెప్పి సంతకం తీసుకుంటే శిక్ష లేదా?

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఓటరు. సరుకుల దుకాణం ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఒకతను "ఇళ్ల అద్దెలు తగ్గించడానికి" అంటే, ఒక చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టమని కోరే పిటిషన్ మీద సంతకం పెట్టాడు. తీరా చూస్తే అది అద్దెల నియంత్రణకు అడ్డుపడే ప్రతిపాదనట. ఇది నేరం కాదా? సంతకం వెనక్కి తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నేరమే. పిటిషన్‌లో ఏముందో తెలిసి తెలిసి అబద్ధం చెప్పినా, చదువుకుంటానన్న వారికి కాగితం చూపకపోయినా, సంతకం పెట్టేవారికి డబ్బు ఆశ చూపినా కాలిఫోర్నియా ఎన్నికల చట్టం ప్రకారం శిక్షార్హులే. లేని పేరుతోనో, మరొకరి పేరుతోనో సంతకం చేయడం ఇంకా పెద్ద నేరం. 2018లో లాస్ ఏంజెలిస్‌లోని స్కిడ్ రో ప్రాంతంలో, ఇల్లూ వాకిలీ లేనివారి చేతిలో ఒక డాలరో సిగరెట్లో పెట్టి దొంగ సంతకాలు చేయించారన్న అభియోగంపై 9 మందిపై కేసులు పెట్టారు.

అయితే దొంగ సంతకం దొరికినంత సులువుగా నోటిమాటలోని అబద్ధం దొరకదు. అధికారులు కొన్ని సంతకాలను ఏరి ఓటరు నమోదు పత్రంలోని సంతకంతో పోల్చి చూస్తారు. మీ అబ్బాయిది అసలు సంతకమే కాబట్టి ఆ పరీక్షలో నెగ్గుతుంది. దుకాణం ముందు ఎవరేమన్నారో రుజువు చేయడం ఎవరి తరం?

నా దృష్టిలో అసలు చిక్కు కూలి లెక్కలో ఉంది. ఒక చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టించాలంటే గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానంగా, అంటే 2022 ఎన్నికను బట్టి 5,46,651 సంతకాలు, 180 రోజుల్లో సేకరించాలి. అందుకని సంతకాలు సేకరించడానికి, సంతకానికి ఇంత అని కూలి ఇచ్చి మనుషుల్ని పెడతారు. పూర్తిగా వివరించి చెప్పేవాడికి గిట్టుబాటు కాదు. అసలు డబ్బే ఇవ్వకూడదన్న కొలరాడో చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1988లో భావ ప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టివేసింది. ఒరెగాన్ ఓటర్లు మాత్రం 2002లో సంతకాల లెక్కన చెల్లింపును నిషేధించుకున్నారు. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లులను 2011లోనూ 2019లోనూ గవర్నర్లే వీటో చేశారు.

ఇక వెనక్కి తీసుకోవడం: పిటిషన్ ఎన్నికల కార్యాలయానికి దాఖలు కాకముందే, తన సంతకం ఉపసంహరించుకుంటున్నానని మీ అబ్బాయి తన కౌంటీ ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. దాఖలయ్యాక ఆ అవకాశం ఉండదు కాబట్టి ఈ వారంలోనే రాయమనండి.